మేనల్లుడి పాటల ప్లేయర్‌కు వాల్యూమ్ కళ్లెం: ప్రాజెక్టు డైరీ

జూలై 6, ఆదివారం

మా అక్కావాళ్లది చంద్రగిరి. వాళ్ల చిన్నోడు తొమ్మిదో తరగతి, రోజూ బస్సులో తిరుపతికి వచ్చి చదువుకుని పోతాడు. ఫోన్ చేతికిస్తే చదువు అటకెక్కుతుందని అక్క దానికి బదులు మెమరీ కార్డు వేసుకునే చిన్న ఎంపీ3 ప్లేయర్ కొనిచ్చింది. అగ్గిపెట్టె కన్నా కాస్త పెద్దది, మీద ఏ కంపెనీ పేరూ లేదు.

ఇవాళ భోజనాలయ్యాక వాడు వరండాలో ఒక చివర కూర్చుని ఇయర్‌ఫోన్స్‌లో పాటలు వింటున్నాడు, నేను మరో చివర మంచం మీద ఉన్నాను, అయినా పల్లవి అయిపోయి చరణం ఎప్పుడు మొదలైందో నాకు తెలిసిపోతోంది. పైగా నా చెవులు అంత మంచివి కావు. ఇరవై ఏళ్ల వయసులో నేను మైకు సెట్టు పనికి పోయేవాణ్ని. పెళ్లిళ్లు, గంగమ్మ జాతర, వినాయక చవితి పందిళ్లు, ఎక్కడికి పోయినా బాక్సుల పక్కనే కుర్చీ వేసుకుని తెల్లారేదాకా కూర్చునేవాణ్ని. ఆ పని మానేసి పదిహేనేళ్లయింది కానీ రాత్రి పడుకుంటే రెండు చెవుల్లోనూ సన్నటి కూత ఇప్పటికీ ఆగదు. పోయినేడాది ఈఎన్‌టీ డాక్టర్ ఆడియోగ్రామ్, అంటే ఏ శబ్దం ఎంత వినపడుతోందో చూపే గీత, తీయించారు. గీత బాగానే పోతూ పోతూ 4,000 హెర్ట్జ్ దగ్గర గుంతలో పడిపోయి మళ్లీ కొంచెం పైకి లేస్తుంది. పెద్ద మోతలో ఏళ్ల తరబడి ఉన్నవాళ్లకు అచ్చం అక్కడే గుంత పడుతుందట, లోపల చచ్చిపోయిన సన్నటి రోమ కణాలు మనిషికి మళ్లీ పుట్టవట.

వాడి ప్లేయర్ తీసి చూశాను. వాల్యూమ్ 0 నుంచి 30 దాకా ఉంది, వాడు 26 మీద పెట్టుకున్నాడు. "ఏందిరా ఇంత పెట్టినావు?" అంటే "బస్సులో పెట్టినాను మామా, తగ్గించడం మర్చిపోయినా" అన్నాడు. సెట్టింగ్స్ అంతా వెతికాను. ఈక్వలైజర్ ఉంది, భాష మార్చుకోవచ్చు, స్లీప్ టైమర్ ఉంది, ఇంతకు మించి పెరగకూడదు అని చెప్పే చోటు మాత్రం లేదు.

లేకపోతే మనమే పెట్టాలి. ఈ డైరీ అందుకే మొదలుపెట్టాను.

జూలై 8, మంగళవారం

ముందు కొలవాలి. నా దగ్గర మైకు సెట్టు రోజుల్లో కొన్న సౌండ్ లెవల్ మీటర్ ఒకటి ఉంది, చవకదే కానీ పని చేస్తుంది. చిక్కేమిటంటే చెవిలోకి దూరే ఇయర్‌ఫోన్‌ను గాలిలో మీటర్ ముందు పెడితే ఆ అంకెకు అర్థమే ఉండదు. చెవిలో అది ఒక చిన్న మూసిన గొట్టంలోకి శబ్దం పంపుతుంది, ఆ గొట్టం సుమారు రెండున్నర సెంటీమీటర్ల పొడవు ఉంటుంది. అందుకని మీటర్ మైకు తలకు బిగుతుగా పట్టే ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకటి దొరికించుకుని, రెండో చివర ఇయర్‌ఫోన్ దూర్చి, చుట్టూ కొవ్వొత్తి మైనం కరిగించి సందు లేకుండా మూశాను. ల్యాబుల్లో వాడే కృత్రిమ చెవితో దీన్ని పోల్చలేం, నాలుగైదు డెసిబెల్స్ అటూ ఇటూ ఉండొచ్చు. అయినా ఎంత తగ్గించామో తేడా చూసుకోవడానికి ఇది చాలు.

పాట పెడితే ముల్లు కుదురుగా ఉండదు కాబట్టి ఆడాసిటీ అనే ఆడియో ప్రోగ్రాంలో పింక్ నాయిస్ అనే ఎగుడుదిగుళ్లు లేని చప్పుడు ఫైల్ ఒకటి చేసి, దాని సగటు మోతను వాడి పాటల సగటుకు సరిపెట్టి కార్డులో వేశాను. వాన జోరుగా కురుస్తున్నట్టు ఉంటుంది ఆ చప్పుడు.

వాల్యూమ్ 14 మీద 84 డెసిబెల్స్. 20 మీద 95. 26 మీద 102. 30 మీద 107.

మూడుసార్లు మైనం తీసి మళ్లీ పెట్టి చూశాను, ఒకటి రెండు తేడాతో అవే అంకెలు.

జూలై 9, బుధవారం

లెక్క కట్టుకున్నాను. అమెరికాలో కార్మికుల ఆరోగ్యం చూసే నియోష్ సంస్థ పెట్టిన హద్దు ప్రకారం 85 డెసిబెల్స్‌లో రోజుకు 8 గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కూ సమయం సగం అవుతుంది. 88 అయితే 4 గంటలు, 91కి 2 గంటలు, 94కి గంట, 97కి అరగంట, 100కి పావుగంట. అదే వరసలో 102కి వస్తే తొమ్మిది నిమిషాల చిల్లర. వాడు చంద్రగిరి నుంచి బడికి చేరేదాకా నలభై నిమిషాలు, తిరిగి పోయేటప్పుడు నలభై నిమిషాలు వింటున్నాడు. అది కూడా పెద్దవాళ్ల కోసం, పని చేసే చోటు కోసం పెట్టిన హద్దు.

పిల్లల కోసం వేరే లెక్క ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ టెలికాం సంఘం ఐటీయూ కలిసి 2019లో పాటల పరికరాల కోసం ఒక ప్రమాణం విడుదల చేశాయి. పెద్దలకు వారానికి 40 గంటలు 80 డెసిబెల్స్, పిల్లలకు అదే 40 గంటలు 75. మావాడు వినేది వారానికి ఆరు రోజులు, మొత్తం 8 గంటలు, అంటే అయిదో వంతు. సమయం అయిదో వంతుకు తగ్గితే మోత 7 డెసిబెల్స్ పెరగొచ్చు. కాబట్టి వాడికి 82 దాకా ఫరవాలేదు. ప్లేయర్ పూర్తిగా తిప్పినా 85 దాటకూడదు, మామూలుగా 82 లోపే వినాలి. 107 నుంచి 85కి, అంటే 22 డెసిబెల్స్ కోత పెట్టాలి. ఇప్పుడు నా పని ఏమిటో స్పష్టంగా తెలిసింది.

జూలై 12, శనివారం

మొదటి ప్రయత్నం, డబ్బు ఖర్చు లేనిది. పాటల ఫైళ్లలోనే మోత తగ్గించడం. ఎంపీ3గెయిన్ అని ఉచిత ప్రోగ్రాం ఉంది, అది పాటను మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా లోపలి గెయిన్ అంకెను మాత్రమే ఒకటిన్నర డెసిబెల్ మెట్ల చొప్పున మారుస్తుంది, నాణ్యత పోదు. పది మెట్లు దించాను, అంటే 15 డెసిబెల్స్. కార్డులో ఉన్న మూడొందల చిల్లర పాటలకూ కలిపి పది నిమిషాలు కూడా పట్టలేదు. 26 మీద కొలిస్తే 87. ఇంకా దించొచ్చు కానీ ఒకేసారి మరీ తగ్గిస్తే వాడు ఒప్పుకోడని అక్కడ ఆపాను.

జూలై 16, బుధవారం

నాలుగు రోజులు కూడా నిలవలేదు. క్లాసులో ఎవరి దగ్గరో కొత్త పాటలు కార్డులోకి ఎక్కించుకున్నాడు. పాతవాటికి అలవాటుపడి 30 మీద పెట్టుకుని వింటుంటే మధ్యలో కొత్త పాట ఒక్కసారిగా పూర్తి మోతతో మొదలైందట. "చెవిలో ఎవరో కొట్టినట్టయింది మామా" అని వాడే ఫోన్ చేసి చెప్పాడు. నాకు భయమేసింది. నేను చేసిన పని వల్లే వాడు 30 దాకా తిప్పాడు, నేను చేయకపోతే 26 దగ్గరే ఉండేవాడు. అదే రాత్రి అక్కావాళ్లింటికి పోయి ఫైళ్లన్నీ మళ్లీ మామూలుగా చేసి ఇచ్చేసి వచ్చాను. పాట ఏదైనా, కార్డు ఎవరిదైనా కోత ఒకేలా పడాలంటే అది ప్లేయర్ నుంచి చెవికి పోయే తీగలోనే ఉండాలి.

జూలై 19, శనివారం

గాంధీ రోడ్డు వైపు పోయి స్పేర్ పార్టుల షాపులో కరెంటును అడ్డుకునే రెసిస్టర్లు, 3.5 ఎంఎం ఎక్స్‌టెన్షన్ కేబుల్ ఒకటి, వేడి తగిలితే బిగుసుకునే హీట్ ష్రింక్ స్లీవ్ అర మీటరు తెచ్చుకున్నాను. రెసిస్టర్లు పావు వాట్‌వి చాలు.

మల్టీమీటర్ పెట్టి చూస్తే వాడి ఇయర్‌ఫోన్ రెసిస్టెన్స్ ఒక్కో వైపు 16 ఓమ్స్. దానికి వరసగా 180 ఓమ్స్ పెడితే వోల్టేజీలో 16/196 వంతు మాత్రమే చెవికి చేరుతుంది, లెక్కకు దాదాపు 22 డెసిబెల్స్ కోత.

జూలై 20, ఆదివారం

ఇవాళ జరిగింది వివరంగా రాస్తాను, ఎవరైనా ఇదే పని చేస్తే వాళ్లకు పనికొస్తుంది.

కేబుల్ మధ్యలో కోశాను. లోపల మూడు తీగలు. ఒకటి ఎర్రటిది కుడి చెవికి, ఒకటి ఆకుపచ్చది ఎడమకు, ఒకటి రాగి రంగుది రెండింటికీ ఉమ్మడి గ్రౌండ్. చూడటానికి ఒట్టి తీగల్లా ఉంటాయి కానీ ప్రతి సన్నటి పోగు మీదా రంగు రంగు ఎనామెల్ పూత ఉంటుంది, మధ్యలో నూలు దారం కూడా ఉంటుంది. అలాగే సాల్డరింగ్ పెడితే సీసం బొట్టులా జారిపోతుంది తప్ప అతుక్కోదు. ఐరన్ మొనను బాగా వేడెక్కించి, మొన మీద సీసం గుండులా నిలిపి, తీగ కొసను అందులో నాలుగైదు సెకన్లు ముంచి ఉంచాలి. సన్నటి పొగ లేస్తుంది, పూత కాలిన వాసన వస్తుంది, అప్పుడు తీగ ఒక్కసారిగా వెండిలా మెరుస్తుంది. మెరిస్తేనే అతుకు పడుతుంది.

రెండు రెసిస్టర్లు ఎందుకు, గ్రౌండ్ ఎలాగూ రెండింటికీ ఉమ్మడే కదా, దాని మీద ఒక్కటి పెడితే రెండు చెవులకూ కోత పడుతుంది అనుకున్నాను. పెట్టాను. వాణ్ని పిలిచి వినమన్నాను. ముఖం అదోలా పెట్టి "మామా, పాట పాడే ఆయన యాడికో పోయినాడు" అన్నాడు. నేను విని చూశాను. నిజమే. వయొలిన్లు ఉన్నాయి, ఒక వైపు గిటార్, మరో వైపు తాళాలు ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన గొంతు మాత్రం బావి అడుగు నుంచి పిలుస్తున్నట్టు ఉంది.

కాగితం మీద బొమ్మ గీసుకుంటే అర్థమైంది. రెండు వైపులా సమానంగా ఉండే శబ్దం, అంటే గాయకుడి గొంతు, వెనక్కి పోవాలంటే గ్రౌండ్ తీగలోంచే పోవాలి, అక్కడ నా రెసిస్టర్ అడ్డం కూర్చుంది. ఒక వైపు ఒకలా మరో వైపు ఇంకోలా ఉన్న శబ్దం మాత్రం గ్రౌండ్ జోలికి పోకుండా ఒక చెవి స్పీకర్ నుంచి రెండో చెవి స్పీకర్‌లోకి దూరి తిరిగి పోతుంది, దానికి కోత తక్కువ. అందుకే గొంతు మునిగి వాయిద్యాలు మిగిలాయి. కాబట్టి గ్రౌండ్‌ను ముట్టుకోకూడదు. ఎరుపులో ఒకటి, ఆకుపచ్చలో ఒకటి, వేరువేరుగా పెట్టాలి.

అలా మార్చాక గొంతు తిరిగొచ్చింది. 30 మీద కొలిస్తే 87. లెక్క ప్రకారం 85 రావాలి. ఆ రెండు ఎక్కడివంటే, ప్లేయర్ లోపల కూడా కాస్త రెసిస్టెన్స్ ఉంటుంది, ముందు 16 ఓమ్స్ బరువు మోస్తూ కొంత వోల్టేజీ లోపలే పోగొట్టుకునేది, ఇప్పుడు బరువు తేలికై ఆ వోల్టేజీ బయటికి వస్తోంది.

జూలై 22, మంగళవారం

180 ఓమ్స్ పద్ధతిలో ఒక లోపం ఉందని నిన్న రాత్రి తట్టింది. కోత ఎంతనేది ఇయర్‌ఫోన్ ఓమ్స్ మీద ఆధారపడి ఉంది. రేపు వాడు 32 ఓమ్స్ హెడ్‌ఫోన్ తగిలిస్తే 32/212 అవుతుంది, కోత 16 డెసిబెల్స్‌కు పడిపోతుంది. పిల్లలు ఒకరివి ఒకరు మార్చుకుంటూనే ఉంటారు.

దానికి మందు, వరసగా ఒక రెసిస్టర్‌తో పాటు ఇయర్‌ఫోన్‌కు అడ్డంగా ఒక చిన్న రెసిస్టర్. వరసలో 82 ఓమ్స్, అడ్డంగా సిగ్నల్ నుంచి గ్రౌండ్‌కు 10 ఓమ్స్, ప్రతి వైపుకూ ఇలా ఒక జత. 10 ఓమ్స్ ఎప్పుడూ అక్కడే ఉంటుంది కాబట్టి దాని పక్కన 16 వచ్చినా 32 వచ్చినా మొత్తంలో పెద్ద తేడా రాదు. 16కి కోత 23 దాకా, 32కి 21 దాకా. బూడిద, ఎరుపు, నలుపు పట్టీలు ఉన్నవి 82, గోధుమ, నలుపు, నలుపు 10. నాలుగింటినీ ఐస్‌క్రీం పుల్ల మీద కట్టి, అతుకులు వేసి, ఒక్కోదానికి స్లీవ్ తొడిగి, మొత్తానికి పెద్ద స్లీవ్ వేసి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి పెట్టాను. చిటికెన వేలంత ముడి వచ్చింది. 30 మీద 85, 86 మధ్య నిలిచింది. 32 ఓమ్స్ పాత హెడ్‌ఫోన్‌తో కూడా చూశాను, కోత రెండు డెసిబెల్స్ కన్నా ఎక్కువ మారలేదు.

ఇవాళ చదివింది కూడా ఇక్కడే రాసి పెట్టుకుంటాను. ఫ్రాన్స్‌లో పాటల ప్లేయర్లకు 100 డెసిబెల్స్ హద్దు ఎప్పటి నుంచో ఉంది, 2002లో ఐపాడ్ ఆ హద్దు దాటుతోందని అక్కడ అమ్మకాలు ఆపి, సాఫ్ట్‌వేర్ మార్చి మళ్లీ పెట్టారు. 2006 మార్చిలో ఆపిల్ ఐపాడ్ నానోకూ, అయిదో తరం ఐపాడ్‌కూ వాల్యూమ్ లిమిట్ ఇచ్చింది, తల్లిదండ్రులు నాలుగంకెల కోడ్‌తో దానికి తాళం వేయొచ్చు. ఆ తర్వాత యూరప్‌లో నియమం ఇంకా గట్టిపడింది. పరికరం మామూలుగా 85 దగ్గర ఆగాలి, అది దాటాలంటే హెచ్చరిక చూసి ఒప్పుకోవాలి, ఎంత ఒప్పుకున్నా 100 దాటకూడదు, 20 గంటలు విన్నాక మళ్లీ హెచ్చరించాలి. కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో వాల్యూమ్ పెంచుతుంటే మధ్యలో ఆగి అడిగేది ఇందుకే. మనలో చాలామంది అది విసుగనుకుని చదవకుండానే సరే నొక్కేస్తాం, నేనూ నొక్కేవాణ్ని.

జూలై 26, శనివారం

అక్క ఫోన్. "ఒరేయ్, నువ్వు చేసిచ్చిన వైరు వాడి బ్యాగు అరలో పడుంది, తెలుసా?" అంది. వాణ్ని తిట్టవద్దని చెప్పి ఫోన్ వాడికివ్వమన్నాను. మూడు రోజులు వాడాడట. "ఇంట్లో బాగానే ఉంది మామా, బస్సులో ఏం వినపడదు" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. అబద్ధం చెప్పడం లేదని గొంతులోనే తెలుస్తోంది.

జూలై 28, సోమవారం

తెల్లారి ఆరున్నరకే చంద్రగిరి పోయి, వాడితో పాటు వాడు ఎక్కే బస్సే ఎక్కాను. మీటర్ జేబులో పెట్టుకున్నాను.

వాడు రోజూ కూర్చునేది డ్రైవర్ వెనక రెండో సీటు, పక్కనే ఇంజిన్ దిమ్మ. మీటర్ బయటికి తీస్తే 86. గేరు మార్చి ఎక్కేటప్పుడు 89. వాడి చెవిలో నేను పెట్టిన హద్దు 85! నేను ఇంట్లో కూర్చుని, వరండాలో కూర్చుని లెక్కలు కట్టాను, పిల్లాడు వినేది మాత్రం ఈ మోతలో. వాడు 26 పెట్టింది కొవ్వెక్కి కాదు, పాట వినపడక. బయట మోత అలాగే ఉంచి లోపల గొంతు నొక్కితే ఎవరైనా ఆ వైరు పీకి బ్యాగులో వేస్తారు.

కొంత దూరం పోయాక వెనక సగంలో సీటు ఖాళీ అయితే ఇద్దరం అక్కడికి మారాం. అక్కడ 79. ఒక్క సీటు మారితే 7 డెసిబెల్స్. "ఇన్నాళ్లూ యాడ కూర్చుంటే ఏముందిలే అనుకున్నా మామా" అన్నాడు, మీటర్ నా చేతిలోంచి లాక్కుని తిరుపతి దాకా వాడే చూస్తూ కూర్చున్నాడు.

ఇంకొకటి కూడా గమనించాను. వాడి ఇయర్‌ఫోన్ రబ్బరు టిప్పులు వాడి చెవికి పెద్దవి. లోపలికి దిగకుండా గుమ్మం దగ్గరే వేలాడుతున్నాయి, కాస్త వేలితో నొక్కి పట్టుకుంటే "అబ్బా, డప్పు వినపడుతోంది" అన్నాడు. సందు ఉంటే ముందు పోయేది బేసే, బయటి మోత లోపలికి దూరేది కూడా ఆ సందులోంచే.

ఆగస్టు 3, ఆదివారం

చిన్న సైజు ఫోమ్ టిప్పులు తెప్పించాను. వేళ్ల మధ్య నలిపి సన్నగా చేసి, చెవి పైభాగాన్ని రెండో చేత్తో కాస్త పైకి లాగి లోపలికి పెట్టి, అది ఉబ్బేదాకా అర నిమిషం పట్టుకోవాలి. వాడికి నాలుగుసార్లు పెట్టి చూపిస్తే వచ్చింది.

అక్కావాళ్ల వంటింట్లో కొలిచాం. అక్క చట్నీకని మిక్సీ వేస్తే పక్కన 88. నా మైనం గొట్టానికి ఫోమ్ టిప్పు ఉన్న ఇయర్‌ఫోన్ బిగించి పాట ఆపేసి పెడితే లోపల 66. అక్క మిక్సీ ఆపి "ఇందాకట్నుంచి దేనికి కొలుస్తున్నారు ఇద్దరూ, చట్నీ నలిగిందా లేదా చెప్పండి ముందు" అని కేకలేసింది కానీ ఆ రెండు అంకెలూ చూపించాక తనే ఇంకోసారి వేసి చూసింది. బస్సు మోతలో బరువైన గుడగుడ ఎక్కువ కాబట్టి అక్కడ ఇంత కోత రాదు, అయినా సగమైనా వస్తుంది.

నా ఆడియోగ్రామ్ కాగితం కూడా ఇవాళే చూపించాను. ఆ గుంత మీద వేలు పెట్టి "ఇక్కడ ఏం వినపడదు మామా నీకు?" అని అడిగాడు. స, ఫ, త లాంటి హల్లులు గోల ఉన్నచోట జారిపోతాయని, బడిలో మీ టీచర్ వెనక్కి తిరిగి బోర్డు మీద రాస్తూ మాట్లాడితే నాకు సగం మాటలే తెలుస్తాయని చెప్పాను. రాత్రి చెవిలో కూత గురించి కూడా చెప్పాను. వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాత బ్యాగు అరలోంచి వైరు తీసి ప్లేయర్‌కు తగిలించాడు.

ఒక షరతు మాత్రం గట్టిగా పెట్టాను. ఫోమ్ టిప్పులు సీట్లో కూర్చున్నాకే పెట్టుకోవాలి, దిగే ముందే తీసేయాలి. ఆ రోడ్డు మీద లారీలు ఎలా వస్తాయో చంద్రగిరి వాళ్లకు నేను చెప్పక్కర్లేదు, వెనక నుంచి హారన్ వినపడకపోతే ప్రాణం మీదికొస్తుంది.

ఆగస్టు 10, ఆదివారం

వారం అంకెలు వాడే చిన్న పుస్తకంలో రాసుకొచ్చాడు. వైరు తగిలించి, ఫోమ్ టిప్పులు పెట్టుకుని, వెనక సగంలో కూర్చుంటే 21, 22 మీద బాగా వినపడుతోందట. నా గొట్టంలో పెట్టి కొలిస్తే 75, 76. ముందు సీటే దొరికిన రెండు రోజులు 26 పెట్టాడట, అది 80. పోయిన నెల అదే 26 మీద 102 ఉండేది.

ముడి దగ్గర ఒక లోపం. బ్యాగులో మడత పడి ఎడమ వైపు అప్పుడప్పుడూ తెగుతోంది. ఐస్‌క్రీం పుల్ల దాటి తీగ వంగే చోట ఏ ఆధారమూ లేదు, అతుకు మీదే బరువు పడుతోంది. స్లీవ్ విప్పి, అతుకు మళ్లీ వేసి, ఈసారి రెండు చివర్లా తీగను పుల్లకు దారంతో చుట్టి ఫెవిక్విక్ వేశాను. ప్లేయర్ వైపు ప్లగ్ దగ్గర కూడా ఒక చుట్టు స్లీవ్ తొడిగాను.

వాడి క్లాసులో ఇంకో ఇద్దరికి ఇలాంటి ప్లేయర్లే ఉన్నాయట, వాళ్లకూ చేసివ్వమన్నాడు. ముందు వాళ్ల ఇయర్‌ఫోన్స్ తెచ్చిస్తే ఓమ్స్ చూసి, గొట్టంలో పెట్టి కొలిచి అప్పుడు రెసిస్టర్ విలువ తేలుస్తానని చెప్పాను, ఎందుకంటే ఒకే వోల్టేజీకి ఒక ఇయర్‌ఫోన్ అరిచినంత ఇంకోటి అరవదు. మూడోవాడు ఒకడున్నాడు, వాడివి ఫోన్‌కు కలిపే బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ అట. దానికి ఈ వైరు పని చేయదు. వాళ్ల నాన్నది ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో పెద్ద శబ్దాలు తగ్గించే ఆప్షన్ ఉంటుంది, 75 నుంచి 100 దాకా ఎక్కడైనా హద్దు పెట్టొచ్చు, అది ఆన్ చేసుకోమని చెప్పి పంపాను.

షాపు నుంచి 82 ఓమ్స్‌వి నాలుగు, 10 ఓమ్స్‌వి నాలుగు, కేబుళ్లు రెండు తేవాలి. వచ్చే ఆదివారం సాల్డరింగ్ పని తనే చేస్తానంటున్నాడు. ఎనామెల్ కాలిస్తే పొగ వస్తుంది కాబట్టి మేడ మీద కూర్చుందామని చెప్పాను.